బతికున్న తల్లికి బంతిపూల దండ

"ఆ దండ నా సేతికివ్వకండి బావగోరూ. నాను వెయ్యను," అంది ఉషారాణి.

రమణబాబు చేతిలో బంతిపూల దండ అలాగే వేలాడుతోంది. ఎదురుగా గోడకి రెండు పటాలున్నాయి. ఒకటి ఆయన తండ్రి జగన్నాథంగారిది, రైల్వే గార్డు కోటులో తీయించుకున్నది. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. రెండోది తల్లి అచ్చియమ్మది. నిన్నటిదాకా ఆ పటం అక్కడ లేదు. ఆధార్ కార్డు మీది బొమ్మని తెలుగు సంఘం అధ్యక్షుడు గోవిందరావు పెద్దది చేయించి, ముడతలు చెరిపించి, జుట్టు నల్లగా చేయించి, ఫ్రేము కట్టించి తెచ్చాడు. ఆధార్ ఫోటోలో ఎవరైనా పోయినవాళ్ళలాగే కనిపిస్తారు కాబట్టి మిగతాదానికి ఆయన పెద్దగా శ్రమ పడలేదు.

పటంలో ఉన్న మనిషి వెనక గదిలో మంచం మీద కూర్చుని, ఉప్మాలో ఉప్పు చాల్లేదని అప్పుడే మళ్ళీ కేకేసింది.

"ఇనబడిందా?" అంది ఉషారాణి. "మీ అమ్మ ఉప్పడుగుతోంది. ముందు ఉప్పెట్టి రమ్మంటారా, దండేసి రమ్మంటారా?"

"గొంతు తగ్గించు ఉషా," అన్నాడు రమణబాబు. సినిమాల్లో హీరో తండ్రిగా కోడళ్ళని మందలించే గొంతు అది. ఆ గొంతుకి థియేటర్లో జనం చప్పట్లు కొడతారు. ఇక్కడ కొట్టేవాళ్ళు లేరు, ఒక్క గోవిందరావు తప్ప.

"అది కాదమ్మా ఉషారాణీ, జరా సమఝో," అన్నాడు గోవిందరావు. "హైదరాబాదు నుంచి ఛానెలోళ్ళు మన బిలాస్‌పూరు రావడమంటే మాటలా? ఇంట్లో లైవు. సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో సన్మానం. పెద్దాఫీసరు డీఆర్ఎమ్ సాబ్ కూడా వస్తానన్నారు. ఒక్క పూట ముసలమ్మని పక్కూరు బెల్తరా పంపించీ. మీ చుట్టం చిన్నారావు ఇంట్లో కూకుంటాది. కారు బయటే ఉంది గదా."

"ముసలమ్మ కాదు. ఈయన అమ్మ," అంది ఉషారాణి. "ఈ ఇంట్లోంచి ఆయమ్మని ఎవులూ కదపనేరు. అది నిన్ననే సెప్పీసినాను."

ఆ మాట అంటూ ఆవిడ భర్త రాజేంద్ర వైపు చూసింది. రాజేంద్ర సోఫా చివర కూర్చుని చేతిలో హిందీ పేపరు పట్టుకుని ఉన్నాడు. పేజీ తిప్పడం లేదు. ముప్ఫై అయిదేళ్ళు ఇంజను నడిపినవాడు, సిగ్నల్ పడనిదే కదలకూడదని బాగా వంటబట్టించుకున్నవాడు. అన్న ఎదట ఆయనకి ఆ సిగ్నల్ ఏనాడూ పడలేదు. ఉషారాణికి ఆ మౌనం చూస్తే ఒళ్ళు మండుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ మండుతూనే ఉంది.

పోయిన ఆదివారం సౌమ్య ఫోన్లో ఆ వీడియో చూపించకపోయి ఉంటే, ఈ పాటికి ఉషారాణి కూడా బావగారి సన్మానానికని కొత్త జాకెట్టు కుట్టించుకునేదే.

సౌమ్య ఉషారాణి కూతురు. రోజూ బోద్రీ వెళ్ళి హైకోర్టులో ప్రాక్టీసు చేస్తుంది. పెదనాన్న సన్మానంలో వెయ్యడానికని ఆయన పాత ఇంటర్వ్యూలు వెతుకుతుంటే ఒకటి దొరికింది. అందులో రమణబాబు కళ్ళజోడు తీసి, కళ్ళు ఒత్తుకుని, "నాకు తొమ్మిదేళ్ళప్పుడే మా అమ్మ పోయింది. నాకు పెట్టి తాను పస్తుండి పోయింది. బిలాస్‌పూర్ పట్టాల పక్కన బొగ్గులేరుకుని బతికాను," అని చెబుతున్నాడు. అడిగే అమ్మాయి కూడా ఏడుస్తోంది.

సౌమ్య ఒకటి కాదు, వరసగా చూసింది. ప్రతిదాంట్లోనూ తల్లి పోయింది. ఒకదాంట్లో జ్వరంతో, ఒకదాంట్లో ఆకలితో, ఒకదాంట్లో బొగ్గు బండి కింద పడి. "మమ్మీ, మామ్మని ఎన్నిసార్లు చంపేడో గిన్‌నా ముష్కిల్, లెక్కకే అందదు," అంది. నవ్వబోయి నవ్వలేకపోయింది.

నలభై ఏళ్ళుగా తెలుగు దేశమంతా ఎరిగిన కథ ఈ ఇంట్లోవాళ్ళకి మాత్రం తెలియదు. తెలిసే దారేది? ఇక్కడ పిల్లలందరూ హిందీ మీడియం. తెలుగు మాట్లాడతారు, పెళ్ళిళ్ళలో తెలుగు పాటలు పాడతారు, అక్షరం ముక్క చదవలేరు. విశాఖపట్నం నుంచి వచ్చేవాళ్ళు రైల్లో చదివి పడేసిన వారపత్రికలు తెచ్చిస్తే, అందులో రమణబాబు బొమ్మ ఉందని మురిసిపోయి, కత్తిరించి, పెట్టెల మీదా తలుపుల మీదా అంటించుకునేవారు. ఆ బొమ్మ చుట్టూ ఏం రాసుందో చూసినవాళ్ళు లేరు.

పెళ్ళికి ముందు ఉషారాణిది కూడా ఈ రైల్వే కాలనీయే. ఇన్‌స్టిట్యూట్ మైదానంలో తెర కట్టి రమణబాబు మొదటి సినిమా వేసినప్పుడు చాప మీద కూర్చుని చూసింది. అందులో ఆయన నాలుగో రౌడీ. హీరో ఒక్క తన్ను తంతే వెళ్ళి కుడితి తొట్టిలో పడ్డాడు. అచ్చియమ్మ చాప మీంచి లేచి నిలబడి, "ఒరే, నా కొడుకుని తన్నుతావేట్రా?" అని తెర మీదికి చెయ్యెత్తింది. మైదానమంతా పగలబడి నవ్వింది. ఆవిడ మాత్రం సినిమా అయ్యేదాకా కూర్చోలేదు, కొడుకు మళ్ళీ లేచి వస్తాడేమోనని.

నిజంగానే లేచి వచ్చాడు. నాలుగో రౌడీ విలన్ తమ్ముడయ్యాడు. విలన్ తమ్ముడు లంచాలు తినే ఇన్‌స్పెక్టరయ్యాడు. జుట్టు ఊడిపోయాక హీరో తండ్రి అయ్యాడు. నటన గురించి ఉషారాణికి పెద్దగా తెలియదు కానీ, ఈ పాత్రలన్నిట్లోనూ ఆయన చేసేది ఒక్కటే పని అని ఆవిడ అభిప్రాయం. గొంతు పెంచుతాడు, తర్వాత గొంతు దించుతాడు. ఒక సినిమాలో తల్లి శవాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడిస్తే అవార్డు ఇచ్చారు. ఇక అక్కడి నుంచి నిర్మాతలు ఆయన్ని ఏడిపించడానికే పిలిచారు. తెర మీద ఆయన కొరివి పెట్టని తల్లి లేదు. దానికి గుండు కావాలంటే, ఉన్న విగ్గు మీదే ప్లాస్టిక్ గుండు తొడిగేవారట.

సొంత తండ్రి పోయినప్పుడు మాత్రం ఆ వేషం వెయ్యలేకపోయాడు.

అప్పుడు రాజేంద్ర గూడ్సు బండితో కర్గీ రోడ్ స్టేషన్‌లో ఆగి ఉన్నాడు. కబురు తెలిసి, వేరే డ్రైవరు రాగానే దొరికిన బండెక్కి వచ్చి పడ్డాడు. పెద్దకొడుకు కోసం శవాన్ని ఉంచారు. రమణబాబు నల్ల కళ్ళద్దాలతో వచ్చాడు. అర్పా నది ఒడ్డున మంగలి నూకరాజు కత్తి నూరి, నీళ్ళ గిన్నె పెట్టుకుని కూర్చుంటే, "ఇప్పుడు కుదరదు, కంటిన్యూటీ ఉంది," అన్నాడు. కంటిన్యూటీ ఏమిటో ఎవరికీ అర్థం కాలేదు. సగం తీసిన సినిమాలో జుట్టూ మీసం ఎలా ఉన్నాయో మిగతా సగంలోనూ అలాగే ఉండాలని ఆయనే విడమరిచి చెప్పాడు. తండ్రి శవం పక్కన నిలబడి చెప్పాడు. చివరికి రాజేంద్ర కూర్చుని గుండు గీయించుకుని, తనే తలకొరివి పెట్టాడు.

అప్పటి నుంచి ఆ మాట ఈ ఇంట్లో ఉండిపోయింది. సౌమ్య చిన్నప్పుడు హోంవర్కు ఎగ్గొడితే, "ఏటే, కంటిన్యూటీయా?" అనేవారు. పనిమనిషి రాకపోయినా కంటిన్యూటీయే. అందరూ నవ్వుకునేవారు. అచ్చియమ్మ మాత్రం ఆ మాటకి నవ్వగా ఉషారాణి చూడలేదు.

"మొదట చెప్పింది నేను కాదు తెలుసా?" అన్నాడు రమణబాబు ఇప్పుడు, కాస్త మెత్తబడ్డట్టు. దండని సోఫా మీద పెట్టాడు. "పబ్లిసిటీవాడు రాశాడు. తల్లిలేని బిడ్డ అని. సినిమా ఆడింది. జనం నన్ను దగ్గరికి తీసుకున్నారు. ఆ తర్వాత 'అబ్బే, మా అమ్మ ఉంది' అంటే ఏం బాగుంటుంది? జనాన్ని మోసం చేసినట్టు కాదూ?"

"అచ్ఛా," అంది గుమ్మంలో నిలబడ్డ సౌమ్య. "మతలబ్, అంటే జనాన్ని మోసం చెయ్యకూడదని మామ్మని చంపుతూ వచ్చేరా పెదనాన్నా?"

"పెద్దాళ్ళతో అలాగేనా మాట్లాడ్డం?" అన్నాడు గోవిందరావు.

"కోర్టులో ఇంకా ఖరాబ్‌గా మాటాడతాను అంకుల్."

రమణబాబు తమ్ముడి వైపు తిరిగాడు. "రాజా, నువ్వు చెప్పు. నీ పెళ్ళాం మాట వింటుందేమో. ఈ వయసులో నేను అబద్ధాలకోరునని టీవీలో తేలితే నాకింకేం మిగుల్తుంది? రెండు సినిమాలు సెట్టు మీదున్నాయి. యాభై ఏళ్ళరా. ఒక్కపూట."

రాజేంద్ర పేపరు మడిచాడు. అందరూ ఆయన నోటికేసి చూశారు. ఆయన మళ్ళీ పేపరు విప్పాడు.

ఉషారాణి ఇంక అక్కడ నిలబడలేకపోయింది. ఆ పేపరు లాక్కుని చింపాలనిపించింది. బావగారి మీద ఉన్నది అసహ్యం. అది దూరంగా ఉండేది, ఏడాదికోసారి తెర మీద చూసి మర్చిపోవచ్చు. మొగుడి మీద ఉన్నది రోజూ కంచంలో వడ్డించుకునేది.

బయట బండి ఆగిన చప్పుడైంది. అనుకున్నదానికంటే ముందే వచ్చేశారు. కెమెరాలు, వైర్లు, దీపాలు దింపుతున్నారు.

"సరే, బెల్తరాకి టైము లేదు," అన్నాడు రమణబాబు గబగబా. "వెనక గది తలుపు వేసి కూర్చోబెట్టు. చప్పుడు రాకూడదు. ఆ చీర ఇలా ఇయ్యి, చేటలో పెట్టాలి."

పెద్దలకు పెట్టుకునే రోజులవి. మహాలయ పక్షంలో పోయినవాళ్ళ పటాల ముందు కొత్త చేటలో కొత్తబట్టలు పెట్టి దణ్ణం పెట్టుకోవడం ఈ ఇళ్ళలో ఉన్నదే. అందుకని రమణబాబు తల్లికి ఆకుపచ్చ పట్టుచీర కొనుక్కొచ్చాడు. పాపం, ఇన్నేళ్ళలో తల్లికి ఆయన కొన్న మొదటి పట్టుచీర అదే.

"చీర లోపలుంది. తెస్తాను," అని ఉషారాణి వెనక గదిలోకి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు గుమ్మంలోంచి చూస్తే గోవిందరావు స్టూలెక్కి, తానే అచ్చియమ్మ పటానికి దండ వేస్తున్నాడు.

అచ్చియమ్మ ఉప్మా ప్లేటు పక్కన పెట్టి, పట్టుచీర ఒళ్ళో వేసుకుని అంచు తడుముతోంది. తొంభై దాటిన మనిషి. కళ్ళు మసక, చేతివేళ్ళే చూస్తున్నాయి.

"తలుపెయ్యి," అంది.

ఉషారాణి తలుపు వేసింది. "అత్తా, బయట షూటింగవుతోంది. కాసేపు మనం ఇక్కడే..."

"నన్ను బెల్తరా పంపుతానన్నాడేటి?"

"నీకెవులు సెప్పినారు?"

"నాకు కళ్ళు ఆనవు గానీ సెముడు నేదే. గోడకి దండేసినారా?"

ఉషారాణి మంచం పట్టెమీద కూలబడింది. ఏడుపు వచ్చేసింది. వారం రోజులుగా ఈ ముసలమ్మకి తెలియకూడదనే తను బావగారితో, మొగుడితో, ఊళ్ళో సగం మందితో పోట్లాడింది. "వెయ్యనివ్వకూడదనే సూసినాను అత్తా. నా వల్ల అవనేదు."

"ఏడవకు. ఆ ట్రంకుపెట్టి మూత తియ్యి."

మంచం కింది ట్రంకుపెట్టె ఉషారాణి రోజూ తీసేదే. మూతకి లోపలివైపు రమణబాబు బొమ్మ అంటించి ఉంది. వారపత్రికలోంచి కత్తిరించింది. పచ్చబడిపోయింది. బొమ్మ చుట్టూ తెలుగు అక్షరాలు.

"నువ్వీ ఇంటికి కోడలుగా వచ్చిన యేడే అంటించినాను," అంది అచ్చియమ్మ. "రాజుగోరి బిడ్డలాగున్నాడని మురిసిపోయి అంటించినాను. మీ మాఁవ డూటీ దిగొచ్చి అది సదివినాడు. ఆయనకి తెలుగొచ్చును గదా, పలాసలో సదువుకున్నాడు. సదివి కూలబడిపోనాడు. కూడు తిననేదు. ఏటయిందని పీకల మీద కూకుంటే అప్పుడు సెప్పినాడు. నువ్వు సచ్చిపోనావని రాయించినాడే నీ కొడుకు, అని."

ఉషారాణి కన్నీళ్ళు ఆగిపోయాయి. "అప్పట్నుంచీ నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఒక్కనాడైనా నోరిప్పనేదేటి అత్తా?"

"సచ్చిపోనోళ్ళు మాటాడతారేటే?" అంది అచ్చియమ్మ. తర్వాత చీర అంచు వదిలేసి, "పిల్లడు పైకొస్తే సాలనుకున్నాను. నాను సస్తే ఆడికి నాలుగు ఏసాలొస్తాయంటే సావనీ అనుకున్నాను. తల్లిని గదా. అది నాకేటీ బరువవనేదు. కానీ ఆడు తండ్రికి గుండు గీయించుకోనన్నాడు సూడు, ఆ దినం ఇరిగిపోనాది. నా సంగతి సరే. ఆ మనిషేటి సేసినాడు? రేత్రనక పగలనక గార్డు డబ్బాలో వొళ్ళు హూనం సేసుకుని పెంచినాడు. ఈడు బొగ్గులేరినాడా? ఇస్త్రీ నేని సొక్కా తొడిగేవోడా?"

ముందు గదిలో లైట్లు వెలిగినట్టున్నాయి, తలుపు కింద తెల్లటి గీత పడింది. రమణబాబు గొంతు వినిపిస్తోంది. గొంతు పెంచే భాగం అయిపోయింది, దించే భాగం మొదలైంది.

"ఏటి సెప్తున్నాడు?" అంది అచ్చియమ్మ.

ఉషారాణి చెవి పెట్టి విన్నది. "ఈ ఇంట్లోనే, ఆ కిటికీ పక్కనే నువ్వు ఆఖరి ఊపిరి ఒదిలేవంట."

"ఈ ఇల్లు రాజాగాడు కట్టినాడు గదే. అప్పటికి నాకు డెబ్బయ్యేళ్ళు దాటిపోనాయి."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది అచ్చియమ్మే. బోసినోరు చేత్తో కప్పుకుని, చప్పుడు రాకుండా, భుజాలు అదిరేలా నవ్వింది. నవ్వు అయ్యాక మొహం మారిపోయింది. అలాంటి మొహం ఉషారాణి ఇన్నేళ్ళలో చూడలేదు.

"ఈ సీర కట్టు నాకు."

"అత్తా, అది పెద్దలకని తెచ్చినాడు."

"తెలుసునే. పెద్దలకెట్టిన సీర ఇంట్లో ఆడది కట్టుకోవాల గదా. కొత్తది మడతమీద ఉంచీకూడదు. కట్టు."

ఉషారాణి కట్టింది. కుచ్చిళ్ళు పోసి దోపింది. ఆవిడకి భయం వేసింది, ఆ భయంలో పట్టలేనంత సంతోషం కూడా ఉంది. తన పంతం ఒక్కటే. ఈ మనిషిని ఈ ఇంట్లో బతికున్న మనిషిగా నలుగురూ చూడాలి. ఆ తర్వాత ఆకాశం విరిగి మీద పడినా సరే.

తలుపు తీసుకుని వచ్చేసరికి రమణబాబు పటం ముందు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. కళ్ళ నిండా నీళ్ళు. గ్లిజరిన్ లేకుండా ఏడవగలనని ఆయన ఎప్పుడూ గొప్పగా చెప్పుకుంటాడు, ఆ మాట నిజమే. ఆయన చొక్కా కాలరుకి చిన్న మైకు తగిలించి ఉంది. ఛానెల్ అమ్మాయి ఫోను చూస్తూ జనం పెడుతున్న వ్యాఖ్యలు మధ్యమధ్య చదువుతోంది. లైవులో వేలమంది ఉన్నారట.

కోడలి చెయ్యి పట్టుకుని, ఆకుపచ్చ పట్టుచీరలో అచ్చియమ్మ అడుగులో అడుగు వేసుకుంటూ లైట్ల మధ్యకి వచ్చింది. కెమెరా కుర్రవాడు అటు తిప్పేశాడు. ఛానెల్ అమ్మాయి ముసలమ్మని చూసింది, పటం వైపు చూసింది, మళ్ళీ ముసలమ్మని చూసింది.

"సర్... ఈవిడెవరు?"

గోవిందరావు పక్కకి తప్పుకుని చెమట తుడుచుకున్నాడు. రమణబాబు ఒక్క క్షణమే తడబడ్డాడు. యాభై ఏళ్ళ అనుభవం ఊరికే పోదు. వంగి, తల్లి భుజాల చుట్టూ చెయ్యి వేశాడు.

"మా పిన్నమ్మ," అన్నాడు. "అమ్మకి సొంత చెల్లెలు. అచ్చం అమ్మే. ఈవిణ్ణి చూస్తే నాకు అమ్మని చూసినట్టే ఉంటుంది."

ఉషారాణి నోరు తెరిచింది. అచ్చియమ్మ ఆవిడ చెయ్యి నొక్కింది, గట్టిగా.

"అవును తల్లీ," అంది అచ్చియమ్మ ఛానెల్ అమ్మాయితో. "ఈ బాబు తల్లికి నాను సెల్లిని. ఆయమ్మ పోయి శానా కాలమైంది."

రమణబాబు మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. తల్లి భుజం మీద చెయ్యి ఇంకా ప్రేమగా బిగించాడు.

"అమ్మగారు ఎలా ఉండేవారమ్మా? మా ప్రేక్షకులకి చెప్పండి," అంది ఆ అమ్మాయి, కళ్ళు మెరిపిస్తూ.

"మంచి మనిషే. కాస్త తెలివితక్కువది. సినిమాలో ఈ బాబుని ఎవులో తన్నితే లేచి నిలబడీసింది, నిజమనుకుని." అచ్చియమ్మ ఆగి ఊపిరి తీసుకుంది. "ఒక్క కొదవ ఉండిపోనాది తల్లీ ఆయమ్మకి. కొడుకు గుండు గీయించుకోనేదు. చిన్న గుంటడు గదా, అప్పుడెవులూ పట్టించుకోనేదు. మరి తండ్రి పోనప్పుడు పెద్దోడే, అప్పుడూ గీయించుకోనేదు. తల్లికీ నేదు, తండ్రికీ నేదు. పెద్దల రోజులివి. అదిగో పటం, అదిగో దండ, నాను సీర కూడా కట్టుకున్నాను. ఆ ఒక్కటీ ఈయేల అందరి ముందరా సేసీసుకుంటే ఆయమ్మ సుకపడతాది."

"వావ్," అంది ఛానెల్ అమ్మాయి. మైకు నోటి దగ్గరికి తెచ్చుకుంది. "చూస్తున్నారు కదండీ! ఇన్నేళ్ళ తర్వాత తల్లి రుణం తీర్చుకోబోతున్న రమణబాబుగారు! సర్, కామెంట్స్ చూడండి సర్, అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెడుతున్నారు. గుండు చేయించుకోండి సర్ అని అడుగుతున్నారు. మేం లైవ్ పొడిగిస్తున్నాం."

రమణబాబు చెయ్యి తల్లి భుజం మీంచి జారి తన నెత్తి మీదికి వెళ్ళింది. నిప్పు తాకినట్టు మళ్ళీ కిందికి దించాడు. నుదుటి దగ్గర విగ్గు అంటించిన చోట చెమట పట్టింది. సౌమ్య దుపట్టా నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది.

"పిన్నీ, అదంతా తర్వాత తీరిగ్గా... తిరుపతిలో..."

"తిరుపతి దేవుడికి. ఇది తల్లికి," అంది అచ్చియమ్మ. "కుర్చీ ఎయ్యండి బాబుకి. రాజా!"

సోఫా చివర రాజేంద్ర తలెత్తాడు.

"నూకరాజుని తోలుకురా. ఆనాడు నదొడ్డున కత్తి నూరుకుని కూకున్నోడే గదా. ఆడే రావాల. మీసం కూడా తియ్యాలని సెప్పు."

ఉషారాణి భర్త వైపు చూడదల్చుకోలేదు. చూసి చూసి ఆవిడ కళ్ళు కాయలు కాచాయి. కానీ పేపరు చప్పుడు వినిపించి చూసింది. రాజేంద్ర పేపరు నాలుగు మడతలు పెట్టి టీపాయ్ మీద పెట్టాడు. లేచాడు. మేకుకి తగిలించిన స్కూటరు తాళం తీసుకున్నాడు. అన్న ముందు నుంచే నడిచి, ఆయన వైపు చూడకుండా, వైర్లు తొక్కకుండా జాగ్రత్తగా దాటుకుంటూ గుమ్మం దిగాడు.

బయట స్కూటరు స్టార్టయిన చప్పుడు వినగానే రమణబాబు గిరుక్కున తిరిగాడు. కెమెరాకి వీపు పెట్టి, తల్లి చెవి దగ్గరికి వంగాడు. హైదరాబాదులో ఇన్నేళ్ళూ దాచుకున్న యాస ఒక్కసారిగా బయటపడింది.

"అమ్మా, నీకు దణ్ణమెడతానే. వొగ్గీయే. కంటిన్యూటీ ఉందే అమ్మా."

కాలరుకి మైకున్న సంగతి యాభై ఏళ్ళ నటుడు మర్చిపోయాడు. ఛానెల్ అమ్మాయి చెవిలో పెట్టుకున్న దాన్ని వేలితో నొక్కుకుని, ఉన్నచోటే బిగుసుకుపోయింది. లైవు నడుస్తూనే ఉంది.

అచ్చియమ్మ మసక కళ్ళు పైకెత్తి, ఎవరో పరాయి మనిషిని పోల్చుకుంటున్నట్టు కొడుకు మొహంలోకి చూసింది.

"ఎవుల్ని బావూ అమ్మా అంటున్నావు?" అంది, అందరికీ వినబడేలా. "మీ అమ్మ సచ్చిపోనాది గదా."